రంజాను నెల: మనవాళ్ళు వండిపెట్టే ఇళ్ళలో, ఇతర దేశాల్లో



మన గోదావరి జిల్లాల్లో రంజాను నెల సంగతి బాగా తెలిసినవారు ఎవరని అడిగితే, మసీదు వీధిలో కాపురమున్నవారి పేర్లు చెబుతాం. వారితో పాటు చెప్పుకోవలసినవారు మరికొందరున్నారు. నరసాపురం, పాలకొల్లు, భీమవరం ప్రాంతాల నుండి, రాజోలు, అమలాపురం వైపు లంకల నుండి కువైట్, మస్కట్, దుబాయి, బహ్రెయిన్, ఖతర్ వెళ్ళి ఇంటిపని చేసివచ్చిన మన అక్కచెల్లెళ్ళు వారు. వీరిలో క్రైస్తవులు చాలామంది. తాము రోజా ఉండకపోయినా, రోజా ఉండేవారి ఇంట నెల పొడుగునా వండి వడ్డించారు. ఆ నెల గురించి వారికి తెలిసినది పుస్తకం చదివి తెలిసినది కాదు, పిండి కలిపి, గిన్నెలు తోమి తెలిసినది. అందుచేత ఈ వారం పాఠాన్ని వంటింటి వైపు నుండి మొదలుపెడదాం. ఇప్పుడు కువైట్ ప్రయాణానికి కాగితాలు సిద్ధం చేసుకుంటున్నవారికి కూడా ఇందులో పనికివచ్చే మాటలు కొన్ని ఉన్నాయి.

ముందుగా పేర్ల సంగతి. మనం రంజాన్ అంటాం. అది పారశీకం, ఉర్దూల మీదుగా మనకు చేరిన ఉచ్చారణ. అరబ్బులు రమదాన్ అంటారు. కువైట్ నుండి ఫోనులో "రమదాన్ వచ్చేసింది" అని వినిపిస్తే అది వేరే పండుగ కాదు. మన పట్టణాల ముస్లిములు ఉపవాసాన్ని రోజా అనీ, తెల్లవారుజాము భోజనాన్ని సహరీ అనీ, సాయంత్రం ఉపవాసం విడవడాన్ని ఇఫ్తార్ అనీ అంటారు. కువైట్ ఇళ్ళలో ఇఫ్తారును ఫుతూర్ అనీ, సహరీని సహూర్ అనీ పిలుస్తారు. అక్కడ పనిచేసి వచ్చినవారి నోట ఈ రెండో రకం మాటలే వస్తాయి.

నియమం ఏమిటి?

తూర్పున తొలి వెలుగు చార కనిపించినది మొదలు సూర్యుడు అస్తమించే వరకు తిండి, నీరు, పొగ, దాంపత్య సంబంధం, అన్నీ మానుకోవాలి. "నీళ్ళు కూడా తాగరా?" అని మనవాళ్ళు తరచు అడుగుతారు. తాగరు. అయితే ఉమ్మి కూడా మింగకూడదని కొందరు చెప్పేది అపోహ. రోగులు, ప్రయాణంలో ఉన్నవారు, గర్భవతులు, పాలిచ్చే తల్లులు ఉపవాసాన్ని వాయిదా వేసుకోవచ్చు. నెలసరి రోజుల్లో స్త్రీలు అసలు ఉపవాసం ఉండరాదు. తప్పిన రోజులను లెక్కపెట్టుకుని, మళ్ళీ రంజాను వచ్చేలోగా తీర్చుకోవాలి. పిల్లలకు నిర్బంధం లేదు. ముస్లిమేతరులకు అసలే లేదు. పనిమనిషిని ఉపవాసం ఉండమని బలవంతపెట్టే అధికారం ఏ యజమానికీ మతం ఇవ్వలేదన్న మాట ఇక్కడే చెప్పుకోవాలి.

మన తపఃకాలంతో దీనిని పోల్చి చూడడం సహజం. శ్రీసభ నియమం ప్రకారం విభూతి బుధవారం, పవిత్ర శుక్రవారం ఒంటిపూట భోజనం చేస్తాం. పద్ధెనిమిదేళ్ళు నిండినవారు మొదలు అరవయ్యవ ఏడు ప్రారంభమయ్యేవరకు ఈ నియమం ఉంది. మాంసం మానడం పద్నాలుగేళ్ళు నిండినప్పటి నుండి. మనం ఏమి తింటున్నాం, ఎంత తింటున్నాం అని చూసుకుంటాం. వారు ఎప్పుడు తింటున్నాం అని చూసుకుంటారు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గాని, ఇంటి దినచర్యను తలకిందులు చేసేది ఇదే. ఏమి తినాలన్న నియమం వంటను తగ్గిస్తుంది. ఎప్పుడు తినాలన్న నియమం వంటనంతా ఒకే గడియకు తెచ్చి పెడుతుంది.

మరొక తేడా పంచాంగంలో ఉంది. మన తెలుగు పంచాంగం చంద్రుని బట్టి నడిచినా, రెండున్నర మూడేళ్ళకొకసారి అధికమాసం కలుపుకుని ఋతువులతో సర్దుకుంటుంది. ఇస్లాం పంచాంగంలో అధికమాసం లేదు. ఏడాదికి 354 లేక 355 రోజులే. కాబట్టి రంజాను ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ, సుమారు 33 ఏళ్ళకు ఋతువులన్నీ చుట్టివస్తుంది. 1998, 1999, 2000 సంవత్సరాల్లో క్రిస్మసు రంజాను నెలలోనే పడింది. 2014 మొదలు 2018 వరకు జూన్ ఎండల్లో వచ్చింది. కువైట్‌లో ఆ రోజుల్లో ఉపవాసం పదిహేను గంటలు దాటుతుంది. 2025లో గల్ఫ్ దేశాల్లో మార్చి 1న, మన దేశంలో మార్చి 2న మొదలైతే, ఆ 5వ తేదీనే మన విభూతి బుధవారం వచ్చింది. ఆ సంవత్సరం ఒకే వంటింట్లో యజమానురాలు రోజాతోనూ, మన ఆడపడుచు తపఃకాల ఉపవాసంతోనూ ఉండి ఉంటారు.

కువైట్ వంటిల్లు

నెలవంక కనబడిందని ప్రకటన వెలువడిన రాత్రి నుండి ఆ దేశంలో పగలు రాత్రిగా, రాత్రి పగలుగా మారుతుంది. ప్రభుత్వ కార్యాలయాల పనివేళలు తగ్గుతాయి. బడులు ఆలస్యంగా తెరుస్తారు. ఉదయం వీధులు నిద్రపోతున్నట్టుంటాయి. మధ్యాహ్నం మూడు గంటల అసర్ ప్రార్థన ముగిసేసరికి ఇళ్ళలో పొయ్యిలన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి.

ముఖ్యమైనది హరీస్. గోధుమలను రాత్రి నానబెట్టి, మాంసంతో కలిపి గంటల తరబడి ఉడికించి, గింజ గింజగా లేకుండా ముద్దయ్యే వరకు చెక్క తెడ్డుతో మెదుపుతారు. పైన నెయ్యి, దాల్చినచెక్క పొడి, చక్కెర వేస్తారు. ఇక తష్రీబ్ అంటే మాంసం పులుసులో రొట్టె ముక్కలు నానవేసినది. మూడు మూలల సంబూసాలు వందల లెక్కన చుడతారు. లుగైమాత్ అనే చిన్న పిండి ఉండలను నూనెలో వేయించి పాకంలో వేస్తారు. ఖర్జూరాలు, మజ్జిగవంటి లబన్, విమ్టో అనే ఎర్రని పానీయం లేని బల్ల ఉండదు. ఇవన్నీ సూర్యాస్తమయపు నిమిషానికి బల్లమీద వేడిగా ఉండాలి. ఒక్క నిమిషం ముందు తినడానికి లేదు, ఆ తరువాత ఆగే ఓపిక ఎవరికీ ఉండదు. ఆ గంటన్నరలో వంటింట్లో నిలబడినవారికి తెలుస్తుంది రంజాను అంటే ఏమిటో.

కువైట్ నగరంలో నాయిఫ్ కోట నుండి ఫిరంగి పేలుస్తారు. దానిని దూరదర్శన్‌లో కూడా చూపిస్తారు. ఆ మోత, మసీదు పిలుపు వినగానే ఖర్జూరం నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, ప్రార్థన చేసి భోజనానికి కూర్చుంటారు. దానికి ముందు మరొక పని ఉంటుంది. ఆ ఇంట వండినది ఒక పళ్ళెంలో పక్కింటికి, పక్కింటిది ఈ ఇంటికి వెళ్ళడం ఆ ఊరి మర్యాద. పళ్ళేలు మోసేది సాధారణంగా పనివారే. ఆ విధంగా వీధిలో మరొక ఇంట పనిచేస్తున్న తెలుగు మనిషిని కలుసుకున్నవారు, పాలకొల్లు మాట పాలకొల్లు మాటతో కలిసినవారు ఎందరో ఉన్నారు.

భోజనాలయ్యాక పని ముగియదు. మగవారు మసీదులో తరావీహ్ అనే రాత్రి ప్రార్థనకు వెళతారు. ఖురానును ముప్పై భాగాలు చేసి నెల రాత్రుల్లో చదివి ముగించడం చాలాచోట్ల ఆచారం. ఆ తరువాత దివానియాలు నిండుతాయి. దివానియా అంటే మగవారు కూర్చుని మాట్లాడుకునే పెద్ద సావడి వంటిది. మన చావడి అరుగుకు తివాచీలు, టీ ట్రేలు చేర్చి ఊహించుకోవచ్చు. ఆడవారి చుట్టరికాలు వేరే గదుల్లో. టీ, కాఫీ, మిఠాయిలు, అర్ధరాత్రికి గబ్గా అనే విందు, మూడు గంటలకు సహూర్. అందరూ వేకువ ప్రార్థన చేసుకుని పడుకుంటారు. పనిమనిషి గిన్నెలు కడిగి పడుకుంటుంది. పిల్లలు లేచే వేళకు ఆమె లేవాలి.

నెల నడుమ 13, 14, 15 రాత్రుల్లో గిర్గియాన్ అనే పిల్లల సంబరం ఉంటుంది. పిల్లలు సంప్రదాయ దుస్తులు వేసుకుని, పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగి జీడిపప్పు, బాదం, మిఠాయిలు సంచుల్లో వేయించుకుంటారు. మన పల్లెల్లో సంక్రాంతికి హరిదాసుకు బియ్యం పోసిన చేతులే అక్కడ ఆ మిఠాయి పొట్లాలు కడతాయి. తాము పెంచుతున్న పిల్లలను ఆ రాత్రి ముస్తాబు చేయడం తమకు ఇష్టమైన పని అని చెప్పేవారు మనవారిలో ఉన్నారు. పిల్లలకు మతం తేడా తెలియదు గదా.

ఇంత చెప్పాక చట్టం మాట చెప్పకపోతే పాఠం సగమే అవుతుంది. 1968 నాటి 44వ నంబరు కువైట్ చట్టం ప్రకారం రంజాను పగటివేళ నలుగురిలో తినడం, తాగడం, పొగతాగడం నేరం. నూరు దీనార్ల వరకు జరిమానా గాని, నెల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. ఇది ముస్లిమేతరులకూ వర్తిస్తుంది. బస్సు స్టాపులో దాహమేసి సీసా ఎత్తి నీళ్ళు తాగినా చిక్కే. ఇంటిలోపల, వంటింట్లో తినడానికి ఆటంకం లేదు. మొదటిసారి వెళ్ళేవారికి ఈ ఒక్క సంగతి తప్పక చెప్పి పంపండి.

ఇక పనిగంటలు. దుకాణాలకు, కంపెనీలకు వర్తించే 2010 నాటి కార్మిక చట్టం వారానికి 48 గంటల పనిని రంజానులో 36 గంటలకు తగ్గించింది. ఇంటిపనివారు ఆ చట్టం కిందికి రారు. నెల మొత్తం మీద పని పెరిగేది వారికే, గంటలు తగ్గనిదీ వారికే. ఈ వైరుధ్యం గురించి అక్కడి పత్రికలూ, మానవ హక్కుల సంఘాలూ చాలాకాలంగా రాస్తూనే ఉన్నాయి. 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం కొంత మేలు చేసింది. ఇంటిపనివారితో రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించరాదని, వారానికొక సెలవు రోజు, ఏడాదికి నెల రోజుల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోరాదని అది చెబుతోంది. 2016లో కనీస వేతనం 60 దీనార్లుగా నిర్ణయించారు. చట్టం గుమ్మం దాటి వంటింట్లోకి ఎంత దూరం వెళ్ళిందన్నది ఇంటింటికీ వేరు. రంజానులో ఇంకొక మనిషిని సాయానికి పెట్టి, పండుగకు బట్టలు, అదనపు డబ్బు చేతిలో పెట్టే ఇళ్ళు ఉన్నాయి. నెలంతా రెండు మూడు గంటలకు మించి కన్నుమూయనివ్వని ఇళ్ళూ ఉన్నాయి. రెండూ నిజమే. ఒకటి చెప్పి రెండవది దాచడం వెళ్ళబోయేవారికి ద్రోహం.

మన దేశపు నిబంధన ప్రకారం గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్ళే స్త్రీకి ముప్పై ఏళ్ళు నిండి ఉండాలి. 2016 నుండి ఇటువంటి నియామకాలు ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. మన రాష్ట్రంలో ఆ పని చేసేది ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థ. "విజిట్ వీసా మీద ముందు వెళ్ళిపోమ్మా, అక్కడ మార్పిస్తాం" అనే ఏజెంటు మాట విని వెళ్ళినవారికి, పన్నెండు గంటల హద్దు అడిగే కాగితం కూడా చేతిలో ఉండదు.

మగవారి అనుభవం కొంత వేరు. ఇంటి డ్రైవర్లుగా, కూలీలుగా వెళ్ళిన మనవారికి మసీదుల దగ్గర వేసే ఇఫ్తార్ గుడారాలు బాగా తెలుసు. అన్నం, మాంసం, ఖర్జూరం, పండు, నీళ్ళసీసా ఉన్న పొట్లం వరుసలో కూర్చున్న ప్రతివారికీ ఇస్తారు. నీ మతమేమిటని అడిగేవారు అరుదు.

హరీస్ నుండి హలీం వరకు

కువైట్ హరీస్ మెదిపిన మనిషి హైదరాబాదు వచ్చి హలీం రుచి చూస్తే, ఇది ఎక్కడో ఎరిగిన వంటేనని అనుకుంటుంది. అది నిజమే. నిజాముల కొలువులో సైనికులుగా పనిచేయడానికి అరేబియా దక్షిణ తీరంలోని హద్రమౌత్ ప్రాంతం నుండి వచ్చిన అరబ్బులు హరీస్‌ను తెచ్చారు. వారి సైనిక నివాసాల వల్లనే బార్కాస్‌కు ఆ పేరు వచ్చింది. బ్యారక్స్ అన్న మాటే నోళ్ళలో పడి బార్కాస్ అయింది. హైదరాబాదు చేతిలో పడ్డాక హరీస్‌కు పప్పులు, మిరియాలు, మసాలాలు, వేయించిన ఉల్లిపాయలు చేరి హలీం అయింది. ఇటుకల బట్టీ మీద కట్టెల మంటతో పొద్దుటి నుండి సాయంత్రం దాకా ఉడికి, ఇద్దరు మనుషులు పొడుగాటి కర్రలతో దంచితే గాని అది తయారు కాదు. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు లభించింది. రంజాను సాయంత్రాల్లో హలీం కోసం నిలబడే వరుసలో రోజా ఉన్నవారికన్నా లేనివారే ఎక్కువ ఉంటారేమో. ఇప్పుడు రాజమండ్రి, కాకినాడ వీధుల్లోనూ ఆ నెలలో హలీం బట్టీలు కనిపిస్తున్నాయి. చార్మినారు దగ్గర నెలాఖరు రాత్రుల్లో తెల్లవార్లూ సాగే గాజుల, బట్టల బేరాలు, చివరి శుక్రవారం మక్కా మసీదు ముందు వీధుల్లోకి పొంగే ప్రార్థన వరుసలు హైదరాబాదు వెళ్ళినవారు చూసే ఉంటారు.

మన జిల్లాల్లో ముస్లిములు తక్కువే అయినా కొత్తవారు కాదు. రాజమహేంద్రవరంలో 1324లో సాలార్ ఉల్వీ మసీదు కట్టించినట్టు అక్కడి పారశీక శాసనం చెబుతోంది. ఏడు వందల ఏళ్ళ మాట. కోస్తాలో, రాయలసీమలో నూర్ బాషాలుగా, దూదేకులవారుగా పిలవబడే ముస్లిములకు ఇంటి భాష తెలుగే. వారి ఇళ్ళలో సహరీకి పిల్లలను లేపేది తెలుగులోనే. వారు ఉపవాసం విడిచాక తినేది అన్నమూ కూరే. తమిళనాడు మసీదుల్లో సాయంత్రం బియ్యం, పెసరపప్పు, మసాలాతో కాచిన నోన్బు గంజి పోస్తారు. అక్కడి ప్రభుత్వం అందుకు బియ్యం కూడా ఇస్తుంది. మన నెల్లూరు, గుంటూరు వైపు మసీదుల్లోనూ ఈ గంజి ఉంది. రోజంతా ఖాళీగా ఉన్న కడుపుకు సంబూసాల కంటే గంజే మంచిదని ఏ వైద్యుడైనా చెబుతాడు. పెద్ద పళ్ళేల విందుల మాట ఎలా ఉన్నా, రిక్షా తొక్కేవారు, మేస్త్రీ పని చేసేవారు, బండి మీద పళ్ళు అమ్మేవారు చాలామంది మూడు ఖర్జూరాలతో, గ్లాసు నీళ్ళతో, ఇంత గంజితో ఉపవాసం విడిచి మళ్ళీ పనికి వెళతారు. నాయకులు టోపీలు పెట్టుకుని ఫోటోలు తీయించుకునే ఇఫ్తార్ విందులను చూసి రంజాను అంటే ఇదేననుకోరాదు.

2025లో రెండు తెలుగు రాష్ట్ర ప్రభుత్వాలూ ముస్లిం ఉద్యోగులను ఆ నెలలో గంట ముందుగా ఇంటికి వెళ్ళనిచ్చాయి. కూలిపని చేసేవారికి అటువంటి వెసులుబాటు లేదు.

ఇతర దేశాల్లో

మిగిలిన దేశాల ఆచారాల్లో కొన్ని చూద్దాం. అన్నీ చెప్పాలంటే పత్రిక చాలదు. ఈజిప్టులోని కైరోలో రంగు అద్దాల లాంతర్లు వీధులకు అడ్డంగా వేలాడదీస్తారు. తెల్లవారుజామున చిన్న డోలు కొడుతూ, ఇంటివారి పేర్లు పెట్టి పిలిచి లేపే మనిషి ఉంటాడు. గడియారాలు, ఫోన్లు వచ్చాక ఆయన అవసరం తగ్గింది గాని ఆయనను ఎవరూ మాన్పించలేదు. తుర్కీలోనూ డోలు కొట్టేవారున్నారు. ఇస్తాంబుల్ మసీదుల మీనారుల మధ్య తీగలు కట్టి, దీపాలతో అక్షరాలు వెలిగిస్తారు. ఆ నెలలో మాత్రమే కాల్చే గుండ్రని రొట్టె కోసం సూర్యాస్తమయానికి ముందు రొట్టెల దుకాణాల ముందు బారులు తీరతారు. ఇండొనేసియాలో ఈద్‌కు కోట్లమంది పట్నాలు విడిచి సొంత ఊళ్ళకు వెళతారు. సంక్రాంతికి హైదరాబాదు నుండి మన వైపు వచ్చే బస్సులు, రైళ్ళు తలచుకుంటే ఆ రద్దీ అర్థమవుతుంది.

ఉత్తర నార్వే వంటి చోట్ల వేసవిలో సూర్యుడు అస్తమించనే అస్తమించడు. అక్కడి ముస్లిములలో కొందరు మక్కా వేళలను, కొందరు దగ్గరలోని వేరే నగరపు వేళలను పాటిస్తారు. మతపెద్దలు ఇందుకు అనుమతి ఇచ్చారు. దుబాయిలో బూర్జ్ ఖలీఫా అనే ఆకాశహర్మ్యం కట్టాక మరో చిక్కు వచ్చింది. కింద సూర్యుడు అస్తమించినా పై అంతస్తులవారికి ఇంకా కనిపిస్తూనే ఉంటాడు. 80వ అంతస్తు దాటినవారు రెండు నిమిషాలు, 150వ అంతస్తు దాటినవారు మూడు నిమిషాలు ఆగి ఉపవాసం విడవాలని 2011లో అక్కడి మతాధికారి చెప్పారు. నవ్వు వచ్చే సంగతే గాని, నియమాన్ని ఎంత సూక్ష్మంగా పట్టించుకుంటారో దీనివల్ల తెలుస్తుంది.

వీటన్నిటికంటే మనం నిలిచి చూడవలసినది పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్ దేశం. అక్కడ అత్యధికులు ముస్లిములు, క్రైస్తవులు కొద్దిమంది, వారిలో ఎక్కువమంది కతోలికులు. పవిత్ర శుక్రవారం నాడు కతోలిక కుటుంబాలు సజ్జలవంటి చిరుధాన్యం, వేరుశనగ ముద్ద, బావోబాబ్ చెట్టు కాయల గుజ్జు కలిపి ఎంగలాఖ్ అనే తీపి వంటకం చేస్తారు. అందులో మాంసం ఉండదు. గంగాళాల కొద్దీ చేసి ముస్లిం ఇళ్ళకు పంచుతారు. ముస్లిం పిల్లలు ఆ రోజు కోసం ఎదురుచూస్తారు. తిరిగి బక్రీదుకు ముస్లిం ఇళ్ళ నుండి మాంసం క్రైస్తవుల ఇళ్ళకు వస్తుంది. అదే ఇంట అన్న ముస్లిం, తమ్ముడు క్రైస్తవుడు అయి ఉండడం కూడా అక్కడ వింత కాదు. ఎవరి ఉపవాసం వారిదే. పళ్ళెం మాత్రం ఇద్దరిదీ.

మనం ఏమి చేయవచ్చు?

రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న వెలువరించిన నోస్త్రా ఎతాతె ప్రకటనలో ముస్లిములను శ్రీసభ గౌరవభావంతో చూస్తుందని చెబుతూ, వారి ప్రార్థన, దానధర్మాలు, ఉపవాసాలను పేరు పెట్టి ప్రస్తావించింది. 1967 నుండి ఏటా రంజాను సందర్భంగా రోమునుండి ముస్లిములకు శుభాకాంక్షల సందేశం వెళుతోంది. మామూలుగా దానిని సంబంధిత వాటికన్ విభాగం పంపుతుంది. 1991లో మాత్రం రెండవ జాన్ పాల్ పోపుగారు స్వయంగా పంపారు. ఆ సంవత్సరం ఎందుకో మన జిల్లాలవారికి చెప్పనక్కరలేదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లోకి దిగాయి. లక్షన్నరకు పైగా భారతీయులను విమానాల్లో వెనక్కి తెచ్చారు. జీతం బకాయిలు, పెట్టెలు అక్కడే వదిలి, కట్టుబట్టలతో ఇల్లు చేరినవారిలో మనవారూ ఉన్నారు. 1991 ఫిబ్రవరి చివరలో యుద్ధం ముగిసింది, మార్చి నడుమ రంజాను వచ్చింది.

విచారణల్లో, ఇరుగుపొరుగుల్లో చేయదగినవి చిన్న సంగతులే. రోజాలో ఉన్న మనిషిని "ఒక్క టీ తాగితే ఏమవుతుంది, ఎవరు చూడొచ్చారు?" అని బలవంతపెట్టకండి. వారు మీ ముందు తినవద్దని అడగరు, కాబట్టి అతిగా దాచుకుని తినవలసిన పనీ లేదు. కాస్త మర్యాద చాలు. సాయంత్రం ఆరు గంటలకు సమావేశం పెట్టి, ముస్లిం ఉద్యోగి రాలేదని విసుక్కోకండి. వారింటి నుండి సేమియా గాని, ఖర్జూరాలు గాని వస్తే, ఆ పళ్ళేన్ని ఖాళీగా తిరిగి పంపకండి.

నెల చివర నెలవంక కనబడిన మర్నాడు ఈద్. ఆ రోజు ప్రార్థనకు ముందే, ఇంట్లో ఒక్కొక్కరి తలకు ఇంత అని ధాన్యం గాని, దాని విలువ గాని పేదలకు ఇవ్వాలి. దానిని ఫిత్రా అంటారు. పసిపిల్లల తరఫున కూడా పెద్దలే ఇస్తారు. పేదలు ఆ పూట చేయి చాపకుండా పండుగ చేసుకోవాలన్నది దాని ఉద్దేశం. ఇది కాక ఆదా చేసిన సొమ్ములో నలభయ్యవ వంతు జకాతుగా ఇవ్వాలన్న నియమాన్ని ఎక్కువమంది ఈ నెలలోనే తీరుస్తారు. గల్ఫ్‌లో ఈద్ చాలా సంవత్సరాలు మనకంటే ఒక రోజు ముందు వస్తుంది. ఆ సాయంత్రం అక్కడి నుండి ఫోను చేసిన మన ఆడపడుచు "ఇక్కడ పండగైపోయింది, రేపు కొంచెం పడుకుంటాను" అంటే, మన ఊళ్ళో సేమియా పాయసం ఇంకా పొయ్యెక్కి ఉండదు.

ఈద్‌తో అందరి ఉపవాసాలూ ముగియవు. నెలసరి వల్ల, ప్రసవం వల్ల, జ్వరం వల్ల రోజాలు తప్పినవారు ఆ అప్పు తీర్చుకోవాలి. అటువంటివారు ఏ దేశంలో చూసినా ఎక్కువగా స్త్రీలే. అప్పుడు ఫిరంగి పేలదు, హలీం బట్టీ వెలగదు, ఆఫీసు గంట ముందుగా మూయరు. మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ భోజనానికి కూర్చుంటారు. ఆమె వడ్డిస్తుంది, తాను తినదు.